అది చిగుర్లోళ్ల గట్టు

తోకల గుర్వయ్య అబద్ధమాడగా విన్నవాళ్లు జువ్విగుండం పెంటలో ఎవరూ లేరు. ఇదేదో గొప్ప గుణమని చెప్పడం కాదు. అబద్ధానికి కాస్త మాటకారితనం కావాలి, అది ఆయనకు బొత్తిగా లేదు. ఏదడిగినా ఉన్నదున్నట్టు నాలుగు ముక్కల్లో చెప్పి నోరు మూసుకుంటాడు. అరవై ఐదేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు. చివరికి ఒకరోజు నిజం చెప్పినందుకే పెంట జనం ముందు తల దించుకోవాల్సి వచ్చింది.

ఆ పెంట నల్లమలలో ఉంది. కల్వకుర్తి మీదుగా శ్రీశైలం పోయే బస్సెక్కి, మన్ననూరు దాటాక అడవిలో దిగి, రోడ్డు వదిలి రెండు గంటలు నడిస్తే వస్తుంది. చెంచులు తమ ఊరిని పెంట అంటారు. మైదానం వాళ్లకు ఆ మాట వింటే నవ్వొస్తుంది, నవ్వుకోనివ్వండి. ఇరవై రెండు గుడిసెలు, ఒక చేతిపంపు, ఒక సోలార్ దీపం, వానాకాలంలో మోకాళ్ల దాకా బురద. ఇంతకంటే మంచి జాగా లోకంలో ఉందంటే గుర్వయ్య నమ్మడు. జడ్చర్ల దాకా ఒకసారి పోయి రైలును చూసొచ్చాడు. ఎట్లుందని అందరూ మూగి అడిగితే, "మస్తు పొడుగుంది" అన్నాడు. ఇంకో ముక్క రాబట్టలేకపోయారు.

పైనుంచి చూసేవాళ్లకు అడవంతా ఒకటే. చెంచులకు అలా కాదు. ఈ లొద్ది, అంటే లోయ, తోకలోళ్లది, ఆ మిట్ట ఉడుతలోళ్లది, వాగు అవతలి గట్టు చిగుర్లోళ్లది అని ఇంటిపేర్ల వారీగా తాతల నాడే పంచుకున్న అడవి అది. కంచె లేదు, హద్దురాయి లేదు, కాగితం అసలే లేదు. పెళ్లి చేసుకుంటే అత్తింటివాళ్ల గట్టు మీద కూడా తిరగొచ్చు, తినొచ్చు. అయితే ముందు అడగాలి. అడిగితే ఎవరూ కాదనరు. కాదనరని తెలిసి కూడా అడుగుతారు. ఎన్నేళ్లు తిరిగినా, ఎంత తిన్నా, దాన్ని నాది అనకూడదు.

గుర్వయ్యకు ఇవేవీ వాళ్ల నాయిన కూర్చోబెట్టి చెప్పలేదు. వెంట తిరుగుతుంటే ఒంటికి పట్టాయి. నూలగడ్డ తవ్వితే తీగ ఉన్న తల భాగం కోసి మళ్లీ గుంతలో పెట్టి మట్టి కప్పాలి, వచ్చే ఏటికి మళ్లీ గడ్డ ఊరుతుంది. బంక కోసం తపసి చెట్టుకు గాటు పెడితే చెట్టు తట్టుకునేంతే పెట్టాలి. ఆకు రాలే రోజుల్లో ఎండాకు ఊడ్చి బాటలు తీయాలి, మంట పుడితే ఆ బాట దగ్గరే ఆగిపోవాలని. చిన్నప్పుడు ఒకసారి గడ్డ తల పూడ్చకుండా ఇంటికి వస్తే నాయిన తిట్టలేదు, కొట్టలేదు. "పోయి పూడ్చిరా" అన్నాడు. పోను రాను ఒక పూట పట్టింది. ఆ గుంత ఎక్కడో ఇప్పుడడిగినా గుర్వయ్య తీసుకుపోయి చూపిస్తాడు.

ఇరవై ఏళ్ల వయసులో ఆయన వాగు అవతలి చిగుర్లోళ్ల పిల్ల బిక్షమ్మను చేసుకున్నాడు. ఆమెతో పాటు ఆయన బతుకులోకి ఇంకో ఇద్దరు వచ్చారనే చెప్పాలి. ఒకరు పెరలగట్టు. రెండోవాడు బిక్షమ్మ తమ్ముడు పెద్దులు.

పెరలగట్టు వాగు వైపు నిలువుగా నరికినట్టుండే కొండ. దాని చూరు కింద ఏటా పెద్ద తేనెటీగలు ఇరవై ముప్పై తేనెపెరలు పెడతాయి. పైనుంచి తాడు మీద దిగితే తప్ప అందవు. దిగేవాడి తాడు ఎవరు పట్టాలన్నది చెంచుల్లో ఎప్పుడో తేలిపోయిన సంగతి. సొంత అన్నదమ్ములు పట్టరు. భార్య తమ్ముడు పడతాడు. అన్నదమ్ముల మధ్య ఎన్ని పొరపొచ్చాలైనా ఉండొచ్చు గాని, అక్క పుస్తె తెగాలని ఏ తమ్ముడూ కోరుకోడు కదా. అలా పెద్దులు పదహారో ఏట బావ తాడు పట్టాడు. ముప్పై ఏళ్లకు పైగా పట్టాడు.

ఆ ముప్పై ఏళ్లూ పైన ఉన్నవాడు నోరు ఆపలేదు, కింద ఉన్నవాడు నోరు తెరవలేదు.

"బావా, నడుము కాడ తాడు జర చూసుకో. నువ్వు పడితె నాకేం గాదు గని, మా అక్క నన్ను బతకనియ్యది."

కింద పొగలోంచి గుర్వయ్య "ఊఁ" అనేవాడు.

"ఎడమ దిక్కు పెర పెద్దగున్నది, చూసినవా? గదాన్ని ఇడిచిపెట్టు. మొన్ననే పెట్టినయి."

"ఊఁ."

ఆ "ఊఁ" ఒక్క క్షణం ఆలస్యమైతే పెద్దులుకు పైన ప్రాణాలు పోయేవి. "బావా, బావా" అని గట్టు మారుమోగేలా పిలిచేవాడు. పెరలో పిల్లలున్న భాగం ముట్టకుండా తేనె ఉన్న తల భాగమే కోసేవారు. నాలుగు పెరలకు ఒకటి, పొగ కూడా చూపకుండా వదిలేసేవారు. పైకొచ్చాక ఇద్దరూ బండ మీద వెల్లకిలా పడుకుని వేళ్లు నాకుతుంటే, తేనెటీగలు కుట్టిన మొహాలు ఉబ్బి ఒకరినొకరు గుర్తుపట్టలేకుండా ఉండేవారు. పెద్దులు నవ్వలేక నవ్వేవాడు. గుర్వయ్య జీవితంలో సంతోషమనేది ఎక్కడైనా ఉంటే ఆ బండ మీద ఉంది.

ఇక అడగడం సంగతి. ఏటా వేసవిలో గుర్వయ్య వాగు దాటి మామ గుడిసెకు పోయి, నీళ్లు తాగి, "మామా, గట్టు మీదికి పోదామనుకుంటున్న. నీకు సమ్మతమేనా?" అనేవాడు. మామ వెంటనే తలూపేవాడు. మామ పోయాక ఆ పెద్దరికం పెద్దులుకు వచ్చింది. వాడు ఊరుకునే రకమా. అప్పటికే తాడు భుజాన వేసుకుని కూర్చుని, బావ వచ్చిన పని తెలియనట్టు చెట్ల కొసలు చూసేవాడు. అడిగాక, "ఆలోచిస్త బావా" అని అరచేతిలో పొగాకు నలుపుకుంటూ పావుగంట కూర్చోబెట్టేవాడు. బిక్షమ్మ పళ్లు కొరికేది. గుర్వయ్య మాత్రం కదిలేవాడు కాదు. ఆలోచించే హక్కు వాడిది, గట్టు వాడిది.

తెలంగాణ వచ్చిన ఏడాదికి పెద్దులు అడవి విడిచిపెట్టాడు. భార్య నర్సింగమ్మకు ఆయాసం. నెలకు రెండుసార్లు దవాఖానకు పోవాలి, వాగు పొంగితే మంచం మీద మోసుకుపోవాలి. రోడ్డు పక్క కాలనీలో ఒక ఇల్లు దొరికింది. చిగుర్లోళ్లవి మిగిలిన నాలుగిళ్లూ ఆ దారే పట్టాయి. వాగు అవతలి పెంటలో పొయ్యిరాళ్లు మిగిలాయి. పోయేరోజు అందరూ ఏడుస్తుంటే గుర్వయ్య ఏడవలేదు. కోపమొచ్చింది ఆయనకు. ఆ కోపంలో, పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అనని మాట అన్నాడు.

"గట్టు ఇడిచిపెట్టి పోయెటోనికి గట్టెందుకురా."

అంత వాగుడుకాయ పెద్దులు ఏమీ అనకుండా మూట నెత్తికెత్తుకుని పోయాడు. ఆ తర్వాత వాడు ఇటు రాలేదు, ఈయన అటు పోలేదు. బిక్షమ్మ ఒక్కతే పండగకో పబ్బానికో తమ్ముణ్ని చూసొచ్చేది.

ఎనిమిదేళ్లు గుర్వయ్య పెరలగట్టు దిగలేదు. తాడు పట్టేవాడు లేడన్నది ఒక కారణం. అడగడానికి మనిషి లేడన్నది అంతకంటే పెద్ద కారణం. అలాగని గట్టును గాలికి వదిలేయలేదు. ఆకు రాలే కాలం వస్తే చీపురు పట్టుకుని వాగు దాటి గట్టు చుట్టూ బాట ఊడ్చి వచ్చేవాడు. ఒక వేసవిలో మైదానం నుంచి ఐదారుగురు కాగడాలు, డబ్బాలు పట్టుకుని పెరలన్నీ కాల్చి దించుకుపోదామని వచ్చారు. గుర్వయ్య గట్టు కొసన గొడ్డలి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం పెద్దమనిషీ, గట్టు నీదా?" అన్నారు వాళ్లు.

"నాది గాదు. ముట్టనియ్య."

మూడు రోజులు అక్కడే కూర్చున్నాడు. బిక్షమ్మ అంబలి తెచ్చి పోసేది. విసుగొచ్చి వాళ్లే పోయారు.

కరోనా సద్దుమణిగిన తర్వాతి ఏడు పెంటకు ఒక కబురొచ్చింది. ఒక ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవి ఎంతో హద్దులతో సహా రాసి, గ్రామసభలో తీర్మానం చేసి పంపితే, ఆ అడవి మీద పెత్తనం ఆ ఊరికే ఇస్తారట. చట్టం వచ్చి చాలా ఏళ్లయింది, దరఖాస్తు ఈ పెంట దాకా రావడానికి ఇన్నాళ్లు పట్టింది. పెంటలో కమిటీ వేసి జంగమ్మను పెద్దగా పెట్టారు. హద్దులు నడిచి చూపించడానికి గుర్వయ్య కంటే తగినవాడు లేడని అందరూ ఒక్కమాటగా అన్నారు. ఫోన్‌లో హద్దు గీసుకోవడానికి నవీన్‌కుమార్ అనే సర్వే ఉద్యోగి వచ్చాడు. ఓపికున్న మనిషి. కాళ్లు బొబ్బలెక్కినా గుడ్డ చుట్టుకుని నడిచాడు.

మూడు రోజులు నడిచారు. అడవిలో పడగానే గుర్వయ్యకు ఎక్కడలేని మాటలొచ్చాయి. ఇది మా అవ్వ గడ్డలు తవ్విన లొద్ది సారు. ఈ ఇప్పచెట్టు కిందనే మా పెద్దక్క పుట్టింది. ఇక్కడ మా నాయినకు ఎలుగొడ్డు ఎదురొస్తే, ఇద్దరు ఒకరికొకరు భయపడి చెరో దిక్కు ఉరికిండ్రు. నవీన్‌కుమార్ నవ్వుతూ ప్రతి చోటూ పేరుతో సహా ఎక్కించుకున్నాడు. మూడో రోజు పొద్దు వాలుతుండగా ఈదులవాగు ఒడ్డుకు చేరారు. ఎదురుగా ఎర్రటి ఎండలో పెరలగట్టు, దాని చూరు కింద నల్లగా వరసగా పెరలు.

"పెద్దాయనా, ఆ గట్టు కూడా మీదేనా?" అన్నాడు నవీన్‌కుమార్.

"కాదు సారు. అది చిగుర్లోళ్ల గట్టు."

"వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు?"

"రోడ్డు పక్కకు పోయిండ్రు."

"మరి అందులో తేనె మీరు తీసేవాళ్లట కదా. మీదని రాద్దామా?"

"అడిగి తీసిన సారు. నాది గానిది నాదని ఎట్లంట?"

ఆయన గొంతులో సందేహం లేదు. నవీన్‌కుమార్ వాగు దగ్గర గీత ఆపేశాడు.

సోమవారం బడి గుడిసె ముందు గ్రామసభ కూర్చుంది. నవీన్‌కుమార్ నాలుగు దిక్కులా హద్దులు చదివాడు. తమ లొద్దులు, మిట్టలు కాగితంలో వినబడుతుంటే జనానికి ముచ్చటేసింది. దక్షిణాన హద్దు ఈదులవాగు అనేసరికి వెనక వరసలోంచి బిక్షమ్మ లేచింది.

"వాగు కాడ ఆపినవేంది సారు? మా నాయిన గట్టేది?"

"పెద్దాయన మాది కాదన్నాడమ్మా."

అందరూ గుర్వయ్య వైపు తిరిగారు. నవీన్‌కుమార్‌కు అప్పుడు విషయం అర్థమై మొహం మారింది. మెల్లగా విడమరిచి చెప్పాడు. చిగుర్లోళ్ల పెంటలో మనుషులు లేరు కాబట్టి అక్కడ గ్రామసభ లేదు. ఇంకే ఊరూ ఆ గట్టును రాసుకోదు. మీ హద్దులో లేకపోతే రేపు ఎవరు వచ్చి ఆ పెరలు కాల్చుకుపోయినా కాదనే హక్కు మీకుండదు. కాగితాలు శుక్రవారం పైకి పోవాలి.

"నాది గాదు గద," అని గొణిగాడు గుర్వయ్య.

"నీది గాదయ్యా, నిజమే," అంది బిక్షమ్మ. "నువ్వు గాదంటివి. మా తమ్ముడు లేకపాయె. ఇగ అది ఎవలది?"

ముప్పై ఏళ్లు తనను మోసిన గట్టును తానే ఎవరికీ కాకుండా చేశానని గుర్వయ్యకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆయనకు చెవులు వేడెక్కాయి.

"అయితె ఇప్పుడే రాసుకుందం," అంది జంగమ్మ. "మామా, నువ్వు ఏలుముద్ర పెట్టు. హద్దులు నడిచినోని ముద్ర లేకుంటె చెల్లదంట."

"పెద్దులును అడగక నా ఏలు పడది."

కొందరు విసుక్కున్నారు. గట్టు పోతాంటే ఈ పట్టుదలేందని ఒకరిద్దరు పైకే అన్నారు. గుర్వయ్య కదల్లేదు. జంగమ్మ ఆయన మొహం చూసి, సభను గురువారానికి వాయిదా వేసింది.

మర్నాడు మొగుడూ పెళ్లాలు కాలనీకి బయల్దేరారు. పెద్దులు రేకుల ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు పోయాయి, పక్కన చేతికర్ర. బావను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. నర్సింగమ్మ చాయ తెచ్చి ఇచ్చింది. చాయ చల్లారింది. చివరికి గుర్వయ్య నోరు విప్పాడు.

"పెద్దులూ, గట్టును మా పెంట హద్దుల రాయాలంటున్నరు. నీకు సమ్మతమేనా?"

పెద్దులు తల ఎత్తలేదు. "గట్టు ఇడిచిపెట్టి పోయెటోనికి గట్టెందుకన్నవ్ గద బావా. ఇప్పుడు నన్నెందుకు అడుగుతున్నవ్?"

"నీది గాబట్టి."

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆనాడు అన్నది తప్పే," అన్నాడు గుర్వయ్య. "నువ్వు పోతాంటే ఓర్వక అన్న."

పెద్దులు జేబులోంచి పొగాకు తీశాడు. అరచేతిలో వేసుకుని నలపడం మొదలుపెట్టాడు. "ఆలోచిస్త బావా," అన్నాడు.

బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. గుర్వయ్య గోడకు చేరగిలబడి, వాడు ఆలోచించినంత సేపూ కూర్చున్నాడు. పావుగంట దాటాక పెద్దులు పొగాకు దవడన పెట్టుకుని, "నేను గూడ వస్త. నా నోటితోటి చెప్త," అన్నాడు.

గురువారం పెద్దులు చేతికర్ర ఊతంతో పెంటకు వచ్చాడు. రెండు గంటల నడక ఆయనకు ఐదు గంటలు పట్టింది. సభలో నిలబడే మాట్లాడాడు.

"గట్టు మాది సారు. మా తాతలది. ఇప్పుడు ఆడ మేం లేం. మా పిల్లలు తేనెటీగ ఎగిరితె ఇంట్లకు ఉరుకుతరు. బావోళ్ల హద్దుల రాయుండ్రి."

"వాళ్లే కాపాడుతున్నారని రాయాలంటే ఏదన్నా ఆధారం కావాలి కదా," అన్నాడు నవీన్‌కుమార్.

"ఆధారమేంది సారు. నేను పోయి ఎనిమిదేండ్లాయె. మా అక్క చెప్తనే ఉన్నది, నన్ను అడగలేదని ఆయన ఒక్క పెర ముట్టలే, ఇంకొకన్ని ముట్టనియ్యలే. పోయి చూసుకోండ్రి, మా నాయిన దినాలల్ల గూడ అన్ని పెరలు లెవ్వు."

నవీన్‌కుమార్ ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకున్నాడు. తర్వాత పద్ధతి ప్రకారం హద్దులు నడిచిన పెద్దమనిషిని అడిగాడు.

"గుర్వయ్య గారూ, పెరలగట్టు ఎవరిది?"

గుర్వయ్య లేచాడు. పెద్దులు వైపు చూశాడు. పెద్దులు చేతికర్ర కొసతో నేల మీద గీతలు గీస్తున్నాడు. ఇన్నేళ్లూ ఏ మాట అనకుండా బతికాడో ఆ మాటే, ఆ మనిషి ఎదుటే అనాలి.

"మా పెంటది," అన్నాడు చివరికి.

వేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాడు. జంగమ్మ ఒత్తింది, బిక్షమ్మ ఒత్తింది, పెంటంతా వరసగా ఒత్తారు. పెద్దులుది కాలనీ ఊరు కాబట్టి ఆయన ముద్ర పడలేదు. శుక్రవారం కాగితాలు పోయాయి. పట్టా ఇంకా రాలేదు. అయినా కాగడాలు పట్టుకొచ్చేవాళ్లకు ఇప్పుడు పెంటంతా కలిసి ఎదురు పోతారు, తీర్మానం నకలు జంగమ్మ దగ్గర ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది.

కాగితం మాట అటుంచితే, ఆ గురువారం సభ ముగిశాక ఒకటి జరిగింది. జనం ఎవరి గుడిసెలకు వాళ్లు పోతున్నారు. పెద్దులు నెమ్మదిగా నడుచుకుంటూ గుర్వయ్య దగ్గరకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బావా, పొద్దున గట్టు మీదికి పోయి ఒక్కసారి చూసొద్దామనుకుంటున్న. నీకు సమ్మతమేనా?"

బామ్మర్ది ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు గుర్వయ్య. మొహంలోకి చూశాడు. ఎగతాళి లేదు. పెద్దులు నిజంగానే అడిగాడు, జవాబు కోసం నిలబడి ఉన్నాడు. ఆ గట్టు ఎక్కడానికి చిగుర్లోళ్లలో ఒకరు వేరే ఇంటివాళ్లను అడగడం అదే మొదటిసారి. బామ్మర్ది అడవి విడిచిపోయిన రోజు రాని ఏడుపు గుర్వయ్యకు ఇప్పుడు ముంచుకొచ్చింది. మనుషులు చూస్తున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు. పెద్దులు అలాగే నిలబడ్డాడు.

"చెప్పయ్యా," అంది బిక్షమ్మ. "అడుగుతుండు గద."

గుర్వయ్య పైగుడ్డతో మొహం తుడుచుకుని, "సమ్మతమే," అన్నాడు.